గుమ్మడికాయకు రంగు ఎవరిచ్చారు

రంగుల దుకాణంలో అతన్ని అందరూ రంగులాయన అనేవారు. పగిలిన కప్పు పెంకో, చొక్కా గుండీయో, పాత తలుపు నుంచి గోటితో గీకి తెచ్చిన పొలుసో తెచ్చి బల్ల మీద పెడితే, అతను దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళేవాడు. ఓసారి వెలుగులో చూసేవాడు, ఓసారి తన అరచేతి నీడలో చూసేవాడు. "రేపు రండి" అనేవాడు. మర్నాటికి డబ్బాలో ఆ రంగు సిద్ధంగా ఉండేది. పూసిన గోడకు ఆ పెంకును ఆనిస్తే, పెంకు ఎక్కడుందో వేళ్ళతో తడిమి వెతుక్కోవాల్సి వచ్చేది. ఈ మధ్య యజమాని రంగులు కలిపే మిషను ఒకటి కొన్నాడు. కొత్త రంగుల్ని అది ఇట్టే కలిపేసేది. ఎండకు వెలిసిన రంగులు మాత్రం దానికి అంతుపట్టేవి కావు. వాటి కోసం జనం ఇంకా రంగులాయన దగ్గరికే వచ్చేవారు.

ఇరవై ఆరేళ్ళుగా అతను నమ్ముకున్నది ఒక్కటే. రెండు రంగులు కలిస్తే మూడోది పుడుతుంది. ఆ మూడోదానిలో మొదటి రెండూ ఎక్కడికీ పోకుండా ఉంటాయి. కళ్ళు చిట్లించి చూస్తే, నీళ్ళ అడుగున గులకరాళ్ళలా కనిపిస్తాయి.

దుకాణం పైన రెండు గదుల్లో ఒక్కడే ఉండేవాడు. మెట్ల నిండా టర్పెంటైన్ వాసన. పన్నెండేళ్ళప్పుడు అమ్మ పోతే, కొత్తగా కాపురం పెట్టిన అక్క అతన్ని తన ఇంటికి తెచ్చుకుంది. బస్సు డ్రైవరైన బావ అతనికి సైకిలు నేర్పాడు, గడ్డం గీసుకోవడం నేర్పాడు, గుమ్మడి పెంచడం నేర్పాడు. పెద్దయ్యాక వేరే గదికి మారినా ఆదివారం భోజనం మాత్రం అక్కింట్లోనే. అతనికి ఇల్లు అంటే ఆ బల్ల దగ్గర కిటికీవైపు కుర్చీ.

ఊరి చివర, రైలు పట్టాల పక్కన, పురపాలక సంఘం వాళ్ళు అద్దెకిచ్చే తోట ముక్కలు ఉండేవి. ఒకటి బావది, దాని పక్కది రంగులాయనది. మధ్యలో మోకాలెత్తు తీగ కంచె. వాళ్ళు పెంచేది కూరకు కోసే గుమ్మడి కాదు. ఒక తీగకు ఒకే కాయ ఉంచి, తక్కిన పిందెలన్నీ తుంచేసి, నాలుగు నెలలు దానికే నీళ్ళూ ఎరువూ పెడతారు. అది దూడంత అవుతుంది, గేదంత అవుతుంది, చివరికి నలుగురు కలిసి పట్టీల మీద ఎత్తాల్సి వస్తుంది.

ఏటా ఆకులు రాలే కాలంలో సంతషెడ్డులో ఈ కాయల్ని తూచేవారు. నారింజ, పసుపు, మీగడ రంగు కాయలు ఒక వరుస. ఆకుపచ్చ, బూడిద, నీలి కాయలు ఇంకో వరుస. మొదటి వరుసలో గెలిచిన కాయకూ దాని మనిషికీ ఫోటో తీసి షెడ్డు గోడకు తగిలించేవారు. రెండో వరుసకు చప్పట్లు కొట్టేవారు. రెండు రంగులూ కలగలిసిన కాయ వస్తే అది ఏ వరుసలోకి పోవాలో తేల్చే పని రంగులాయనది. అతని మాటకు ఎదురు ఉండేది కాదు.

ఈ పెంపకందార్లకు ఒక అలవాటు ఉంది. గింజలకు వంశం రాసుకుంటారు. మగపువ్వు ఒక తీగది కావచ్చు, ఆడపువ్వు ఇంకో తీగది కావచ్చు. అందుకని ఆడపువ్వు విచ్చుకోబోయే ముందు సాయంత్రమే, తేనెటీగలు దూరకుండా దాని మూతిని ఊలుదారంతో కడతారు. తెల్లారగానే తాము ఎంచుకున్న మగపువ్వును తెచ్చి, దాని రేకులు ఒలిచి, పుప్పొడిని ఆడపువ్వు లోపల అద్దుతారు. మళ్ళీ మూతి కడతారు. కాయ ముదిరాక గింజలు తీసి కవరులో వేసి, పైన తల్లి ఎవరో తండ్రి ఎవరో రాస్తారు. పోటీకి తెచ్చిన ప్రతి కాయకూ ఒక చీటీ, ఆ చీటీలో, అది మొలిచిన గింజ తల్లికీ తండ్రికీ రెండు గడులు. తన ముత్తాత పేరు తెలియనివాడు కూడా తన గుమ్మడికి ఆరు తరాలు అప్పజెప్పేవాడు.

కిందటేడాది రంగులాయన కాయ చక్కని నారింజ రంగులో పండింది. బావ కాయ ముదురు ఆకుపచ్చగా, అంచుల్లో బూడిదగా వచ్చింది. దాన్ని రెండో వరుసకు పంపింది రంగులాయనే. "బావా, ఏమీ అనుకోకు" అన్నాడు. "అనుకోవడానికేముందిరా, దాని మొహం అలా ఉంది" అన్నాడు బావ.

ఈ ఏడు ఇద్దరి గింజలూ, ఎప్పటిలాగే, ఎండ బాగా తగిలే అక్కింటి వంటగది కిటికీలో మొలకెత్తాయి. ఎడమ కుండీలో రంగులాయన నారింజ కాయ గింజ. కుడి కుండీలో బావ ఆకుపచ్చ కాయ గింజ. మొలకలు నాలుగాకులు వేశాక బావ ఎడమ కుండీ తెచ్చి రంగులాయన చేతికిచ్చాడు.

ఆ తీగకు వచ్చిన పిందె మొదట్నుంచీ కాస్త పచ్చగానే ఉంది. పండితే మారుతుందిలే అనుకున్నాడు. రోజూ పొద్దున్నే సైకిలు మీద వెళ్ళి, ఎండ పడకుండా కప్పిన దుప్పటి ఎత్తి చూసేవాడు. పచ్చ చిక్కబడుతోంది. మంచు పట్టిన అద్దంలా దాని మీద ఓ బూడిద నీలం పొర కమ్ముకుంటోంది. వాన కురవబోయే ముందు చెరువు రంగు. అలాంటి రంగును అతను ఎన్నోసార్లు కలిపాడు, అందులో ఏముంటుందో చెంచాల లెక్కతో సహా చెప్పగలడు. ఇందులోకి అది ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం చెప్పలేకపోయాడు. కంచె అవతల బావ కాయ పొద్దు పొడిచినట్టు నారింజగా మెరుస్తోంది.

ఒకరోజు పొద్దున అతను కంచె దగ్గర నిలబడ్డాడు.

"బావా, కిటికీలో ఎడమ కుండీ ఎవరిది?"

"నీదేగా."

"నాదైతే ఇదేంటి?"

"కాయ."

"నేనడిగేది రంగు సంగతి."

"రంగు సంగతి నన్నడుగుతావేంట్రా? ఊరంతా నిన్నడుగుతుంటే."

"నారింజ కాయ గింజకి నాకు ఆకుపచ్చ కాసింది. ఆకుపచ్చ కాయ గింజకి నీకు నారింజ కాసింది. ఎలా?"

"ఏమో. దాన్నే అడుగు."

"కుండీలు మార్చావు బావా."

బావ నీళ్ళ డబ్బా కింద పెట్టాడు.

"మార్చానా?"

"పోయినేడు నీ కాయని రెండో వరుసకి పంపానని మనసులో పెట్టుకుని."

"పన్నెండేళ్ళప్పుడు మా ఇంటికొచ్చావు" అన్నాడు బావ. "అప్పట్నుంచీ నీ కంచంలోది ఒక్క ముద్దయినా తీశానా?"

జవాబు కోసం చూడకుండా కుళాయి కట్టేసి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం రంగులాయన అక్కింటికి వెళ్ళలేదు. తర్వాతి ఆదివారమూ వెళ్ళలేదు. గదిలో కూర్చుని రొట్టె తిన్నాడు. తనది తప్పేమో అనిపించేది, అంతలోనే ఆ ఆకుపచ్చ గుర్తొచ్చేది. రంగు అబద్ధం చెప్పదని నమ్మే కదా ఇన్నేళ్ళూ తిండి తిన్నాడు!

మూడో వారం అక్క దుకాణానికి వచ్చింది. బల్ల మీద ఒక గుండీ పెట్టింది.

"ఇది ఆకుపచ్చా, నీలమా? చెప్పు."

అతను కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాడు. "నీలం."

"చూశావా! మీ బావ ఆకుపచ్చంటాడు. ఆ కళ్ళతో బస్సు నడిపాడు ముప్ఫై ఏళ్ళు. జనం అదృష్టవంతులు." గుండీ కొంగున ముడేసుకుంది. "నువ్వు రాకపోతే ఆయన సగం అన్నంలో లేచిపోతున్నాడు. ఆ సగం నేను తింటున్నా. ఈ వయసులో నేను లావెక్కితే ఆ పాపం నీదే."

"అక్కా, ఆయన కుండీలు మార్చాడా?"

"నేనెలా చూస్తాన్రా? కిటికీకి కాపలా కూర్చున్నానా?"

"నీకేమనిపిస్తోంది?"

"నలభై ఏళ్ళు కాపురం చేశాను. బస్సు తప్ప ఇంకేదీ పక్కకి తిప్పడం చేతకాదు ఆయనకి." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "మార్చలేదంటున్నాడు. తూచే రోజు లోపల తేల్చుకో. తేలకపోతే నీ కుర్చీ మీద బట్టలు పడేస్తా, తర్వాత నీ ఇష్టం."

తూచే రోజు ఇంకా వారముంది.

తోట ముక్కల్లో మూల ముక్క ఒక టీచరమ్మది. బడిలో మొక్కల పాఠాలు చెప్పి రిటైరయింది. చిక్కుడు పందిరి కింద స్టూలు వేసుకుని కూర్చునేది. రంగులాయన చేతులు కట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"టీచరమ్మా, ఒకాయనున్నాడు. మాకు తెలిసినాయనే. ఆయన నారింజ కాయ గింజ నాటితే ఆకుపచ్చ కాసింది. అలా కాస్తుందా?"

"ఆ నారింజ కాయకి పుప్పొడి ఏ తీగది?"

అంతవరకూ ఆ పువ్వు సంగతి అతనికి తట్టనే లేదు.

కిందటేడు మూడు రోజులు ముసురు పట్టింది. అతని తీగ మీద మగపువ్వులన్నీ కుళ్ళిపోయాయి. ఆడపువ్వు మాత్రం ఆ పొద్దునే విచ్చుకుంది. అది ఒక్క పూట ఉంటుంది, మధ్యాహ్నానికి వాడిపోతుంది. కంచె అవతల, బావ తీగ మీద, తడిసిన పెద్ద మగపువ్వు ఒకటి అతనివైపే వాలి ఉంది. బావ ఇంకా రాలేదు. చెయ్యి చాపాడు. తర్వాత అడుగుదామనుకున్నాడు. అడగలేదు. బావ కాయ ఆకుపచ్చగా తేలి రెండో వరుసకు పోయాక అడగడానికి మొహం చెల్లలేదు. ఆకుపచ్చ తండ్రి అని రాస్తే తన నారింజ కాయ గింజలకు విలువేముంటుంది? కవరు మీద తండ్రి గడిలో 'సొంత తీగ' అని రాశాడు. అయినా కాయ చక్కగా నారింజగానే పండింది కదా, ఆ పువ్వు చేసిందేమీ లేదు కదా అనుకుని మర్చిపోయాడు.

"ఆయన... పక్క తీగది వాడాడట. అది తర్వాత ఆకుపచ్చ కాసిందట" అన్నాడు. "కానీ టీచరమ్మా, ఆ పుప్పొడి పడిన కాయ నారింజగానే పండింది. పుప్పొడి రంగు రావాలంటే అప్పుడే రావాలి కదా?"

టీచరమ్మ నవ్వింది. "పెళ్ళాం కడుపుతో ఉంటే, మొగుడి రంగు ఆమె ఒంటికొస్తుందా?"

"రాదు."

"కాయ తొక్క తల్లి ఒళ్ళు. తీగ ఏదో తొక్క అదే. లోపలి గింజలే పిల్లలు. తండ్రి ఉండేది వాటిలో. ఆ పిల్ల పెరిగి, తీగై, కాయ కాస్తే అప్పుడు బయటపడతాడు."

"ఏడాది ఆగి?"

"ఏడాది ఆగి."

రంగులాయన గట్టు మీద కూర్చున్నాడు. "సరే. నారింజ తల్లి, ఆకుపచ్చ తండ్రి. కలిస్తే మట్టి రంగు రావాలి. గోధుమ రంగు రావాలి. పచ్చిపచ్చి ఆకుపచ్చ ఎలా వస్తుంది? నారింజ ఎక్కడికి పోయింది?"

"ఎక్కడికీ పోలేదు. నీ డబ్బాలో కలిసినట్టు ఇవి కలవవు. ప్రతి గింజ దగ్గరా రెండు చీటీలుంటాయి అనుకో. అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి. ఆకుపచ్చ చీటీ ఒక్కటుంటే చాలు, పైకి అదే కనిపిస్తుంది. నారింజ చీటీ చడీచప్పుడు లేకుండా అడుగున కూర్చుంటుంది. తర్వాతి తరంలో రెండు నారింజ చీటీలు ఒక చోట పడితే అది మళ్ళీ పైకొస్తుంది. ఆకుపచ్చ కాయ గింజకి నారింజ పుట్టేది అలాగే." ఆమె ఒక చిక్కుడుకాయ తుంచింది. "ఇది సుమారుగా చెప్పిన మాట. నిజానికి ఒక్క జత కాదు, చాలా జతలున్నాయి. ఒకటి ఇంకోదాన్ని అణుస్తుంది, ఒకటి రంగును పలచన చేస్తుంది. చదివినవాళ్ళకే ఇంకా పూర్తిగా తెలీదు."

"అంటే కుండీలు మారలేదన్నమాట."

"ఏ కుండీలు?"

అతను కుండీల సంగతి చెప్పాడు.

"మారకపోయినా ఇలా కాయొచ్చు. మారినా ఇలా కాయొచ్చు. రంగు చూసి తేల్చలేం. ఆ ఒకాయనకి నా మాటగా చెప్పు."

"ఏమని?"

"గుమ్మడికాయ సాక్ష్యం చెప్పదని."

సాయంత్రం అతను టర్పెంటైన్ మెట్ల మీద కూర్చున్నాడు. ఆకాశంలో నారింజ, దాని పక్కనే ఓ పలచని ఆకుపచ్చ. రెంటి మధ్య గీత ఎక్కడుందో ఎంత చూసినా దొరకలేదు. ఇన్నాళ్ళూ తను చూసిన ప్రతి రంగు కిందా ఇంకో రంగు నోరు మూసుకుని కూర్చుందేమో. మనుషుల్లో కూడా. తలుపుల్లో, గోడల్లో, ఆ గుండీలో కూడానేమో. కాదు, గుండీకి తల్లిదండ్రులుండరు. తల తిరిగింది.

ఒక్కటి మాత్రం తేటగా కనబడింది, దాన్ని చూడబుద్ధి కాలేదు. బావ కుండీలు మార్చాడనుకుంటే, ఈ ఆకుపచ్చ కాయ బావ గింజది. అప్పుడు తను పువ్వు తెంపిన సంగతి ఎవరికీ తెలియనక్కర్లేదు. బావ మార్చలేదని నమ్మితే, చీటీలో తండ్రి గడిలో నిజం రాయాలి. చీటీని కాయకు గుచ్చుతారు, ఊరంతా చదువుతుంది. బావను దొంగను చేస్తే తను దొర. బావ దొర అయితే దొంగ తను.

తూచే రోజు సంతషెడ్డు కిటకిటలాడింది. ఈసారి రంగులు తేల్చే పని తనకొద్దని అతను ముందే చెప్పేశాడు. నలుగురు కూలీలు అతని కాయను పట్టీల మీద ఎత్తి కాటా కొక్కేనికి తగిలించారు. మూడు వందల పన్నెండు కిలోలు. ఆ ఏటి కాయల్లో అంత బరువు ఇంకోటి లేదు. నారింజదైతే ఫోటో అతనిదే. జనం అయ్యో అన్నారు. అవతలి వరుసలో బావ తన నారింజ కాయ పక్కన చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. ఇటు చూడటం లేదు. అక్క ఇద్దరి మధ్య దూరంలో, సంచీ పట్టుకుని, ఎవరి పక్కకూ వెళ్ళకుండా ఉంది.

కాటా గుమాస్తా చీటీ తీశాడు. "తల్లి?"

"ఆ గడి తర్వాత. ముందు తండ్రిది."

"నలభై చీటీలు రాశానండీ, అందరూ తల్లి నుంచే మొదలెట్టారు."

రంగులాయన అతని చేతిలోంచి కలం తీసుకుని తనే రాశాడు. తలెత్తి, "బావా, ఒకసారి ఇటురా" అన్నాడు.

బావ వెంటనే కదల్లేదు. తర్వాత వచ్చాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని చదివాడు. "పక్క తోట తీగ. పోయినేడాది ఆకుపచ్చ వరుస." మళ్ళీ చదివాడు. "ఇది నా తీగ కదరా?"

"నీదే."

"నా తీగ పువ్వు నీ దగ్గరికెలా వచ్చింది?"

"చెయ్యి చాపితే వచ్చింది. ముసురు పట్టింది చూడు, అప్పుడు. కంచె పక్క పెద్ద పువ్వు. అడగలేదు. కవరు మీద అబద్ధం రాశా."

బావ కళ్ళజోడు తీసేశాడు. "ఆ పువ్వు నేను ముందురోజే చూసిపెట్టుకున్నా. తెల్లారి వస్తే కాడ మిగిలింది. మీ అక్క వంటలో వేసేసిందనుకుని మూడు రోజులు దాంతో మాట్లాడలేదు."

"నాలుగు" అంది అక్క వెనకనుంచి.

"మూడే."

"నాలుగు. నాలుగో రోజు నువ్వెక్కిన బస్సు చెడిపోయి నడిచొచ్చావు. అప్పుడు మాట్లాడావు, కాళ్ళు నొప్పులని."

"తల్లి గడి ఖాళీగా ఉందండీ" అన్నాడు గుమాస్తా. "వెనక పదకొండు కాయలున్నాయి."

రంగులాయన కలం పట్టుకునే ఉన్నాడు. "బావా, కుండీలు మార్చావా?"

"మార్చానంటే ఏం రాస్తావు?"

"రెండు గడులూ నీకే వదిలేస్తా. పువ్వు తెంపింది మాత్రం నేనే, అందరూ విన్నారు."

"మార్చలేదంటే?"

"పోయినేడాది నా నారింజ కాయ అని రాస్తా."

"నీకు రుజువు కావాలిగా."

"లేదట. రెండు రకాలుగానూ కుదురుతుందట. టీచరమ్మ చెప్పింది."

"మరి నువ్వేమనుకుంటున్నావు?"

"నాకేం తోచట్లేదు బావా. నువ్వేం చెప్తే అది రాస్తా."

బావ కాయ చుట్టూ ఒకసారి తిరిగాడు. బస్సు టైరును కొట్టి చూసినట్టు వేలికణుపులతో దాన్ని రెండుసార్లు తట్టాడు. లోపలినుంచి బరువైన, బోలు శబ్దం వచ్చింది.

"మార్చలేదు" అన్నాడు.

రంగులాయన రాశాడు. అక్షరాలు గడి దాటి బయటికి వచ్చాయి. గుమాస్తా చీటీ లాక్కుని పైకి చదివాడు. "తల్లి నారింజ. తండ్రి ఆకుపచ్చ. కాయ ఆకుపచ్చ. అంటే తండ్రి పోలిక అన్నమాట."

"కాదు, తొక్క తల్లిదే" అన్నాడు రంగులాయన. "తొక్క తల్లి ఒళ్ళు. అయితే ఈ తల్లి, అంటే ఈ తీగ, ఆ నారింజ కాయకి కూతురు. కూతురికి తండ్రి... ఆకుపచ్చ చీటీ... అడుగున నారింజ ఉంటుంది, కానీ..." ఆగిపోయాడు. నుదురు తుడుచుకున్నాడు. "ఉండండి, టీచరమ్మని పిలుచుకొస్తా."

"ఎక్కడికిరా?" అన్నాడు బావ. "ముందు ఆ పట్టీ మూల పట్టుకో. కాయ దించాలి."

అతను ఆ మూల పట్టుకున్నాడు. ఎదురు మూల బావ, మిగతా రెండూ కూలీలు పట్టుకున్నారు. "రెండో వరుసకేగా?" అన్నాడు బావ, రొప్పుతూ.

"రెండో వరుసకే" అన్నాడు రంగులాయన.